లైనప్ కార్డులో కనిపించని పేరు

బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టిన తొలి ఏళ్లలో, మొదటి బంతి పడిన తర్వాతే ఆట మొదలవుతుందని నేను అనుకునేవాడిని. కొన్నేళ్లుగా ఆ నమ్మకం పోయింది. మ్యాచ్‌కు కొన్ని గంటల ముందు రెండు జట్లూ తమ లైనప్‌లు, అంటే ఆ రోజు బ్యాటింగ్ చేసే తొమ్మిది మంది వరుస, బయటపెడతాయి. ఆ తొమ్మిది పేర్లలో ఎవరున్నారో చూడటం కంటే ఎవరు లేరో వెతకడమే నాకు మొదటి పని అయింది. నిన్నటి దాకా మూడో స్థానంలో బ్యాటింగ్ చేసినవాడి పేరు ఈ రోజు కనబడకపోతే, ఆ ఖాళీ వెనుక నిద్రపట్టని రాత్రి ఉండవచ్చు, ఎక్స్‌రే గది ఉండవచ్చు, ట్రైనర్‌తో తలుపులు మూసుకుని జరిపిన సంభాషణ ఉండవచ్చు. మనం చూడబోయే ఆటలో సగం అక్కడే తేలిపోయి ఉంటుంది. నొప్పిని ఓర్చుకుని ఆడినవారిని తరతరాలుగా పొగుడుతున్న మనం, ‘ఈ రోజు నా వల్ల కాదు’ అని మ్యాచ్‌కు ముందే నిజం చెప్పినవారికి ఆ గౌరవంలో పదో వంతు కూడా ఇవ్వడం లేదని నాకు చాలాకాలంగా బాధగా ఉంది. అందుకే ఈ వ్యాసం.

అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. ఒక్కో జట్టు మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా 162 మ్యాచ్‌లు ఆడుతుంది, అంటే దాదాపు రోజూ ఆటే. వారానికి ఒకసారి ఆడే క్రీడల్లో గాయం మానడానికి కొంత వ్యవధి దొరుకుతుంది; ఇక్కడ నిన్న రాత్రి బెణికిన కాలితోనే ఈ సాయంత్రం పరుగెత్తాలి. జూలై నాటికి ఒళ్లంతా బాగున్న ఆటగాడు ఏ జట్టులోనైనా దొరకడం కష్టం. కాబట్టి నొప్పి ఉందా అన్న ప్రశ్నకు అక్కడ పెద్దగా విలువ లేదు. ఆ నొప్పితో ఆడగలడా, ఆడితే అది ముదురుతుందా, ముదిరితే ఎన్నాళ్లు పోతుంది అన్నవే జట్టును నడిపే మేనేజర్ తేల్చుకోవలసిన సంగతులు.

ఆ తేల్చుకోవడం ఎందుకంత కష్టమో అర్థం కావాలంటే జట్టు లెక్క తెలియాలి. ఏ రోజైనా మ్యాచ్‌కు అందుబాటులో ఉండేది 26 మంది, సెప్టెంబరులో మాత్రం 28 మంది. ఆ 26 మందిలో పిచర్లు, అంటే బంతి విసిరేవారు, 13 మందికి మించకూడదు కాబట్టి జట్లు దాదాపు ఎప్పుడూ 13 మందినే ఉంచుకుంటాయి. మిగిలిన 13 మందిలో తొమ్మిది మంది లైనప్‌లోకి వెళ్తే బెంచీ మీద నలుగురే మిగులుతారు, ఆ నలుగురిలో ఒకడు రెండో క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు. మొదటి క్యాచర్‌కు దెబ్బ తగిలితే దిక్కుండదన్న భయంతో ఆ రెండో క్యాచర్‌ను మేనేజర్లు అంత తేలిగ్గా వాడరు. ఇప్పుడు ఒక బ్యాటర్‌కు తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ పట్టేసిందనుకుందాం. అతడిని ఇంజూర్డ్ లిస్టులో, అంటే గాయపడినవారి జాబితాలో, పెడితే మైనర్ లీగ్ నుంచి మరొకరిని తెచ్చుకోవచ్చు, కానీ బ్యాటర్ కనీసం పది రోజులు, పిచర్ అయితే పదిహేను రోజులు జట్టుకు దూరమవుతాడు. మూడు రోజుల్లో తగ్గిపోతుందనే ఆశతో అలాగే అట్టిపెట్టుకుంటే, ఆ మూడు రోజులూ జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. లిస్టులో చేర్చిన తేదీని మూడు రోజుల దాకా వెనక్కి జరుపుకునే వెసులుబాటు ఉంది కాబట్టి, చాలా జట్లు ఆ మూడు రోజులూ ఊగిసలాడి నాలుగో రోజు నిర్ణయం తీసుకుంటాయి. ‘రోజును బట్టి చూస్తాం’ అని మేనేజర్ విలేకరులతో అన్నాడంటే, ఆయన దాటవేస్తున్నాడని కోప్పడటం కంటే ఈ లెక్కల మధ్య ఇరుక్కుని ఉన్నాడని గ్రహించడం న్యాయం.

ఇంకో మాట. 2018 సీజన్ వరకు ఈ లిస్టును డిజేబుల్డ్ లిస్ట్ అనేవారు. గాయపడటమూ వైకల్యమూ ఒకటి కావని, ఆ పేరు వికలాంగులు ఆటలు ఆడలేరన్న అర్థం ఇస్తోందని అభ్యంతరాలు రావడంతో పేరు మార్చారు. మంచి పని చేశారు. తలకు దెబ్బ తగిలినవారి కోసం 2011లో విడిగా ఏడు రోజుల లిస్టు పెట్టడం కూడా అలాంటి మంచి పనే, ఎందుకంటే అంతకుముందు తలదెబ్బ తిన్న క్యాచర్ ‘బాగానే ఉన్నాను’ అంటే నమ్మడం తప్ప జట్టుకు మరో తేలికైన మార్గం ఉండేది కాదు.

మ్యాచ్‌కు ముందు వచ్చే గాయవార్తల్లో అన్నిటికంటే బరువైనది ఆటను మొదలుపెట్టే స్టార్టింగ్ పిచర్‌ది. బ్యాటర్ లేకపోతే తొమ్మిదింటిలో ఒక వంతు పోతుంది. పిచర్ లేకపోతే ఆ రాత్రి వ్యూహమంతా పోతుంది. అతడు నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుని ఐదో రోజు కోసం సిద్ధమై ఉంటాడు, బుల్‌పెన్‌లో, అంటే ఆట మధ్యలో దిగే పిచర్లు వార్మప్ చేసే చోట, ఉండే మిగతావారిని అతడు ఐదారు ఇన్నింగ్స్ లాగుతాడనే అంచనాతో ముందు రోజు వాడి ఉంటారు. ఆ అంచనా మధ్యాహ్నం తప్పితే సాయంత్రం నలుగురైదుగురు తమది కాని భారం మోయాలి. లైనప్ కార్డులు ప్లేట్ అంపైర్ చేతికి వెళ్లిన తర్వాత అయితే నిబంధనలు మరింత గట్టివి: కార్డులో పేరున్న పిచర్ కనీసం మొదటి బ్యాటర్ సంగతి తేలేదాకా బంతులు వేయాల్సిందే, గాయం వల్ల వేయలేడని అంపైర్‌కు తోచినప్పుడు మాత్రమే మినహాయింపు.

దీనికి 2019 వరల్డ్ సిరీస్‌ను, అంటే ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచిన జట్టుకు టైటిల్ దక్కే ఆ ఏటి తుది పోటీని, మించిన ఉదాహరణ నాకు తెలియదు. వాషింగ్టన్ నేషనల్స్, హ్యూస్టన్ ఆస్ట్రోస్ చెరి రెండు మ్యాచ్‌లు గెలిచి సమానంగా ఉన్నాయి. అక్టోబరు 27న వాషింగ్టన్‌లో జరగాల్సిన ఐదో మ్యాచ్‌కు మాక్స్ షెర్జర్ బంతి వేయాలి. మొండితనానికి మారుపేరైన ఆ పిచర్ ఆ ఉదయం లేచేసరికి మెడ పట్టేసి, కుడి చేయి పైకి ఎత్తలేని స్థితిలో ఉన్నాడు. బట్టలు వేసుకోవడానికి భార్య సాయం చేయవలసి వచ్చింది. మెడ దగ్గర నరం ఒరుసుకుని వాచిందని డాక్టర్లు తేల్చారు, కార్టిజోన్ ఇంజెక్షన్ ఇచ్చారు, మ్యాచ్‌కు కొన్ని గంటల ముందు మేనేజర్ డేవ్ మార్టినెజ్ ఆ వార్త ప్రకటించాడు. షెర్జర్ స్థానంలో జో రాస్ బంతి అందుకున్నాడు. ఎదురుగా ఉన్నది ఆ ఏడాది ఎవరికీ కొరుకుడు పడని గెరిట్ కోల్.

రాస్ ఐదు ఇన్నింగ్స్ వేసి నాలుగు పరుగులిచ్చాడు. యోర్డాన్ అల్వారెజ్, కార్లోస్ కొరేయా చెరో రెండు పరుగుల హోమ్ రన్ (బంతిని మైదానం గోడ దాటించే షాట్) కొట్టారు. నేషనల్స్ 7–1 తేడాతో ఓడిపోయింది. స్కోరు చూసినవాళ్లు రాస్ సరిపోలేదనే అంటారు. నేను మాత్రం ఆ రాత్రి రాస్ చేసింది చిన్న పని కాదంటాను. ఆటగాడి జీవితంలో అతిపెద్ద మ్యాచ్‌కు కొన్ని గంటల ముందే కబురు అందుకుని, మరొకరి కోసం నింపుకున్న మైదానంలో నిలబడి, ఐదు ఇన్నింగ్స్ పాటు బుల్‌పెన్‌ను కాపాడటం జట్టుకు దాచిపెట్టిన సొమ్ములా ఉపయోగపడింది. ఆరో మ్యాచ్‌ను స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ గెలిపించాడు. ఇంజెక్షన్ పనిచేసి మెడ కదలడం మొదలుపెట్టిన షెర్జర్, మూడు రోజుల తర్వాత అక్టోబరు 30న హ్యూస్టన్‌లో ఏడో మ్యాచ్‌కు బంతి అందుకున్నాడు. అది అతడి గొప్ప ప్రదర్శన కాదు. ప్రతి ఇన్నింగ్స్‌లోనూ బేస్‌ల (పరుగు పూర్తి చేయడానికి బ్యాటర్ వరుసగా చేరాల్సిన స్థానాల) మీద ఎవరో ఒకరు ఉన్నట్టే అనిపించింది. అయినా ఐదు ఇన్నింగ్స్‌లో రెండు పరుగులకు మించి ఇవ్వలేదు. ఏడో ఇన్నింగ్స్‌లో ఆంథనీ రెండాన్, వెంటనే హౌవీ కెండ్రిక్ కొట్టిన హోమ్ రన్‌లతో ఆట తిరగబడి నేషనల్స్ 6–2తో గెలిచింది. ఆ జట్టుకు అదే తొలి టైటిల్.

ఐదో మ్యాచ్‌లో షెర్జర్ పంతానికి పోయి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఎత్తలేని చేయితో మైదానంలోకి దిగి, రెండు ఇన్నింగ్స్‌కే వెనుదిరిగి, బుల్‌పెన్ మొత్తాన్నీ ఖాళీ చేయించి ఉంటే, ఏడో మ్యాచ్‌కు అతడూ ఉండేవాడు కాదు, అతడి వెనుక మూడు ఇన్నింగ్స్ వేసిన ప్యాట్రిక్ కార్బిన్‌కు అంత ఓపికా మిగిలేది కాదేమో. షెర్జర్ కెరీర్‌లో నేను అందరికంటే ఎక్కువగా తలుచుకునేది అతడు ఆడని ఆ ఐదో మ్యాచ్‌నే.

పిచర్ల గాయాల గురించి మాట్లాడితే మోచేయి దగ్గర ఆగక తప్పదు. మోచేయి లోపలి వైపు ఉండే చిన్న లిగమెంట్ ఒకటి బంతి విసిరే ప్రతిసారీ విపరీతమైన ఒత్తిడి మోస్తుంది. అది తెగితే ఒకప్పుడు కెరీర్ ముగిసినట్టే. 1974లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచర్ టామీ జాన్ ఎడమ మోచేతికి డాక్టర్ ఫ్రాంక్ జోబ్, కుడి ముంజేతి నుంచి తీసిన టెండన్‌ను అమర్చి కుట్టాడు. విజయావకాశం నూటికి ఒకటి అని ముందే చెప్పాడు. టామీ జాన్ 1976లో తిరిగొచ్చి, 1989 వరకు ఆడి, ఆ శస్త్రచికిత్స తర్వాతే 164 మ్యాచ్‌లు గెలిచాడు. ఇప్పుడు ఆ శస్త్రచికిత్సకు అతడి పేరే స్థిరపడింది, లీగ్‌లో ఎటు చూసినా అది చేయించుకున్నవారే. దీనికి మూలం వేగం అని లీగ్ 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదికే చెప్పింది: 2008లో సగటు ఫాస్ట్‌బాల్ వేగం గంటకు దాదాపు 91 మైళ్లు ఉంటే, 2024 నాటికి 94 దాటింది, ప్రతి బంతినీ ఉన్న బలమంతా పెట్టి విసరడం అలవాటైపోయింది. బంతికీ బంతికీ మధ్య గడియారం పెట్టడం వల్ల కోలుకునే సమయం తగ్గిందని ఆటగాళ్ల సంఘం అంటుంది. నా మట్టుకు నాకు వేగం వాదనే బలంగా కనిపిస్తుంది, అయినా ఆటగాళ్లు చెప్పేదాన్ని కొట్టిపారేయడం తొందరపాటే. ఏదైనా, మ్యాచ్‌కు ముందు బుల్‌పెన్‌లో వార్మప్ చేస్తున్న పిచర్ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని ట్రైనర్‌తో చెప్పే ఆ ఒక్క క్షణం మీద ఏడాదిన్నర కాలం ఆధారపడి ఉంటుంది.

కొన్ని గాయాలకు ఆటతో సంబంధమే ఉండదు. 1985లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ కొత్త కుర్రాడు విన్స్ కోల్‌మన్ తొలి సీజన్‌లోనే 110 బేస్‌లు దొంగిలించి, అంటే తోటి బ్యాటర్ కొట్టేదాకా ఆగకుండా తర్వాతి బేస్‌కు పరుగెత్తి, లీగ్‌ను కుదిపేశాడు. అక్టోబరు 13న ప్లేఆఫ్ నాలుగో మ్యాచ్‌కు ముందు బుష్ స్టేడియంలో వాన మొదలైంది, మైదానాన్ని కప్పే టార్పాలిన్ యంత్రం కదిలింది, అటు చూడని కోల్‌మన్ కాలు మీదికి ఎక్కింది. అంతటితో అతడి సీజన్ ముగిసింది. అతడి స్థానంలో దిగిన టిటో లాండ్రమ్ ఆ రోజే నాలుగు హిట్లు కొట్టడంతో కార్డినల్స్ 12–2తో గెలిచింది, తర్వాత లీగ్ టైటిల్ కూడా అందుకుంది. కానీ కాన్సస్ సిటీ రాయల్స్‌తో జరిగిన వరల్డ్ సిరీస్‌లో జట్టు బ్యాటింగ్ సగటు .185కు (వెయ్యి ప్రయత్నాలకు 185 హిట్లు) పడిపోయింది, ఏడు మ్యాచ్‌ల్లో చేసింది 13 పరుగులే. ఆ సిరీస్ అనగానే అందరూ ఆరో మ్యాచ్‌లో ఫస్ట్ బేస్ దగ్గర అంపైర్ చేసిన తప్పును గుర్తుచేస్తారు. బేస్ చేరితే చాలు పిచర్ల గుండె దడదడలాడించే ఆ కుర్రాడు లేకపోవడం గురించి ఎవరూ అంతగా మాట్లాడరు, ఆ సిరీస్‌లో నాకు కనబడే పెద్ద లోటు మాత్రం అదే.

న్యూయార్క్ యాంకీస్ పిచర్ మరియానో రివేరా సంగతి ఇంకా బాధాకరం. ప్రాక్టీసులో బ్యాటర్లు గాల్లోకి కొట్టిన బంతులను అవుట్‌ఫీల్డ్‌లో పరుగెత్తి పట్టుకోవడం అతడికి ఏళ్లనాటి అలవాటు, దాన్నే తన వ్యాయామంగా భావించేవాడు. 2012 మే 3న కాన్సస్ సిటీలో మ్యాచ్‌కు ముందు అలా ఒక బంతి వెంట గోడ వైపు పరుగెత్తి పడిపోయాడు, కుడి మోకాలి లిగమెంట్ తెగింది. వయసు 42. కెరీర్ అక్కడితో ముగిసిందని చాలామంది అనుకున్నారు. అతడు మాత్రం ఇలా వెళ్లిపోనని చెప్పి, 2013లో తిరిగొచ్చి 44 సేవ్‌లు (జట్టు ఆధిక్యాన్ని చివరి దాకా కాపాడి ముగించిన మ్యాచ్‌లు) సాధించి, మొత్తం 652తో రిటైరయ్యాడు. ఆ ప్రాక్టీసు మానిపించి ఉండాల్సిందని అప్పట్లో కొందరన్నారు. ఒప్పుకోలేను. తనకు ప్రాణమైన పరుగును మనిషి నుంచి తీసేసి ఆరోగ్యం కాపాడామనుకోవడం సరికాదు. తుమ్మినందుకు నడుము పట్టేసి 2004లో సామీ సోసా అప్పటి డిజేబుల్డ్ లిస్టుకు వెళ్లాడు, సూట్‌కేసు మోస్తూ 2018లో సాల్వడార్ పెరెజ్ మోకాలు దెబ్బతింది. తుమ్ముకూ సూట్‌కేసుకూ ఏ జట్టూ ముందుజాగ్రత్త తీసుకోలేదు.

ఇక ఓర్చుకుని ఆడినవారి కథలు. అవి నాకూ ఇష్టమే, ఆ మాట దాచను. 1988 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌కు రెండు కాళ్లూ దెబ్బతిన్న కర్క్ గిబ్సన్ పేరు లైనప్‌లో లేదు. ట్రైనర్ గదిలో ఉన్నవాడు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యాక కుంటుతూ వచ్చి డెనిస్ ఎకర్స్‌లీ బంతిని కుడి వైపు స్టాండ్స్‌లోకి కొట్టి డాడ్జర్స్‌ను 5–4తో గెలిపించాడు. ఆ సిరీస్ మొత్తంలో అతడు బ్యాట్ పట్టింది ఆ ఒక్కసారే. 2024లో అదే డాడ్జర్స్ మైదానంలో, అదే జట్టుకు ఆడుతూ, నెల రోజుల క్రితం చీలమండ బెణికిన ఫ్రెడీ ఫ్రీమన్ యాంకీస్ మీద పదో ఇన్నింగ్స్‌లో గ్రాండ్‌స్లామ్ (బేస్‌లన్నీ నిండి ఉన్నప్పుడు కొట్టే హోమ్ రన్) కొట్టి మ్యాచ్ ముగించాడు. వరల్డ్ సిరీస్ చరిత్రలో అలా ముగిసిన మ్యాచ్ అదే మొదటిది. ఈ రెండు దృశ్యాలనూ కలిపి చూపించేవారు ఒక సంగతి వదిలేస్తారు. అంతకుముందు ప్లేఆఫ్ మ్యాచ్‌ల్లో కొన్నింటికి ఫ్రీమన్ పేరు లైనప్‌లో లేదు. కాలు సహకరించని రోజుల్లో అతడు కూర్చున్నాడు, ఆ విశ్రాంతి తర్వాతే ఆ గ్రాండ్‌స్లామ్ వచ్చింది. గిబ్సన్‌నైనా మేనేజర్ టామీ లసోర్డా తొమ్మిది ఇన్నింగ్స్ ఫీల్డింగ్ చేయించలేదు. ఒకే ఒక్క బ్యాటింగ్ కోసం దాచిపెట్టాడు.

కూర్చోవలసినప్పుడు కూర్చోకపోతే ఏమవుతుందో డిజీ డీన్‌ను చూస్తే తెలుస్తుంది. 1934లో 30 మ్యాచ్‌లు గెలిచిన పిచర్ అతడు. 1937 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో ఎర్ల్ ఏవరిల్ కొట్టిన బంతి తగిలి కాలి వేలు విరిగింది. అది మానకముందే తిరిగి బంతి పట్టాడు. నొప్పి పెడుతున్న కాలిని కాచుకోవడానికి విసిరే తీరు మార్చుకున్నాడు, దాంతో భుజం పాడైంది. ఇరవై ఏడేళ్ల వయసులో, వేలికి తగిలిన దెబ్బ చేతిని తినేసింది.

మరి తెలిసి తెలిసి ఎందుకు ఆడతారు? డబ్బో పౌరుషమో అనే ముందు వాలీ పిప్‌ను గుర్తుచేసుకోవాలి. 1916, 1917లలో, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ హోమ్ రన్‌లు కొట్టిన యాంకీస్ ఫస్ట్ బేస్‌మన్ అతడు. 1925 జూన్ 2న తలనొప్పిగా ఉందని ఒక్క రోజు సెలవు అడిగితే, అతడి స్థానంలోకి వచ్చిన కుర్రాడు లూ గెహ్రిగ్ మళ్లీ ఆ స్థానం ఇవ్వలేదని చెప్పే కథ క్లబ్‌హౌస్‌లలో నేటికీ బతికే ఉంది. నిజానికి ఆ సమయంలో జట్టు ఓడిపోతూ ఉంది, పిప్ బ్యాటింగ్ పడిపోయింది, మేనేజర్ మిల్లర్ హగ్గిన్స్ ఆ రోజు మరికొందరిని కూడా పక్కన పెట్టాడు. తలకు అసలైన దెబ్బ తగిలింది నెల తర్వాత, బ్యాటింగ్ ప్రాక్టీసులో. ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చిన దెబ్బ అది. రెండూ కలిసిపోయి తలనొప్పి కథగా మారాయి. కథ నిజం కాకపోయినా అది పుట్టించిన భయం నిజం. ఒక్క రోజు కూర్చుంటే స్థానం పోతుందని ప్రతి తరం ఆటగాడికీ నేర్పింది ఆ కథే. 2019లో యాంకీస్ 30 మంది వేర్వేరు ఆటగాళ్లను ఇంజూర్డ్ లిస్టులో పెట్టి కూడా 103 మ్యాచ్‌లు గెలిచినప్పుడు, భుజం గాయంతో వెళ్లిన మిగెల్ అందుహార్ స్థానంలో జియో ఉర్షెలా వచ్చి .314 సగటుతో పాతుకుపోయాడు. జట్టు గెలుస్తున్నందుకు సంతోషిస్తూనే అందుహార్ ఆ మ్యాచ్‌లను ఎలా చూసి ఉంటాడా అని నేను చాలాసార్లు అనుకున్నాను.

పిప్ స్థానంలోకి వచ్చిన గెహ్రిగ్ వరుసగా 2,130 మ్యాచ్‌లు ఆడాడు. వేళ్లు విరిగినా, నడుము పట్టేసినా అతడి పేరు లైనప్‌లో ఉండేది. 1939 వసంతానికి శరీరం మాట వినడం మానేసింది. ఎనిమిది మ్యాచ్‌ల్లో అతడి సగటు .143. రోగం పేరు అప్పటికి ఎవరికీ తెలియదు. మే 2న డెట్రాయిట్‌లో మ్యాచ్‌కు ముందు అతడే మేనేజర్ జో మెకార్తీ దగ్గరికి వెళ్లి, జట్టు మంచి కోసం ఈ రోజు తాను ఆడనని చెప్పాడు. మెకార్తీ తనంతట తానుగా ఆ మాట అని ఉండేవాడు కాదు. ఫస్ట్ బేస్ దగ్గర బేబ్ డాల్‌గ్రెన్ పేరు రాశారు, యాంకీస్ ఆ రోజు 22–2తో గెలిచింది. కానీ మొదటి బంతికి ముందు, లైనప్ కార్డును హోమ్ ప్లేట్ దగ్గర అంపైర్లకు అందించే పని కెప్టెన్‌ది. దాదాపు పద్నాలుగేళ్లలో మొదటిసారి తన పేరు లేని ఆ కాగితాన్ని చేతపట్టుకుని, డగౌట్ మెట్లెక్కి, గెహ్రిగ్ హోమ్ ప్లేట్ వైపు నడిచాడు. సంగతి మైకులో విన్న డెట్రాయిట్ ప్రేక్షకులు, అవతలి జట్టు వాళ్లే అయినా, చప్పట్లు కొట్టారు. అతడు కార్డు ఇచ్చి వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.